సీసాలో ఉంటే మర్యాద, చట్టిలో ఉంటే ఫిర్యాదు

మా ల్యాబులో లవంగనూనె డబ్బా మూత తీసిన రోజు ఎవరూ ముక్కు మూసుకోరు. పక్క గదివాళ్లు కూడా వచ్చి, తెల్లకాగితం పట్టీ ఒకటి అందులో ముంచి, ముక్కు దగ్గర ఆడించి, కళ్లు అరమూసి, తలూపి వెళతారు. సింగపూర్ పడమటి కొసన, తువాస్ వైపు, సెంట్ల తయారీకి కావలసిన వాసన సరుకు కలిపి ఇచ్చే ఒక ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చూస్తాను నేను. మాది వేటపాలెం. చదివింది కెమిస్ట్రీ. లవంగనూనెలో నూటికి డెబ్బై పాళ్ల పైమాటే యూజినాల్ అనే ఒక్క పదార్థం ఉంటుంది. అది సరిపడా ఉందా లేదా అని యంత్రం మీద చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి కోడికూరలోకి నాలుగు లవంగాలు వేయిస్తే అదే యూజినాల్ మా బ్లాకు వరండాలోకి నడుస్తుంది. అప్పుడెవరూ కళ్లు అరమూయరు. ఎవరిదో ఒకరి కిటికీ టపీమని మూసుకుంటుంది.

ఇక్కడికి ఉద్యోగాలకొచ్చే మన కుర్రాళ్లు మొదటి జీతంతో కొనే వస్తువుల్లో సెంటు సీసా ఒకటి. లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్‌కి వెళితే ఆ అలమరాలు చూడ్డానికే ఒక పూట పడుతుంది. వాళ్లు ఏరుకునేవి ఎక్కువగా ఘాటు రకాలు: దాల్చినచెక్క, మిరియం, యాలకులు, జాజికాయ, అడుగున తియ్యటి వెనిలా. ఇవే ఎందుకని అడిగితే మా పక్క బ్లాకులో ఉండే కరీంనగర్ అబ్బాయి దాచకుండా చెప్పాడు. "అన్నా, పొద్దుగాల వండుకొని పోతం గదా. కర్రీ వాసనొస్తున్నదని ఆఫీసుల అనుకుంటరేమోనని భయం. ఇది కొట్టుకుంటే ఏం తెల్వది." వాడు చొక్కా మీద చల్లుకున్నదీ చొక్కాకి అంతకుముందే అంటుకున్నదీ నా యంత్రంలో పెడితే చాలా గీతలు ఒకే చోట లేస్తాయి. ఒక మసాలాని కప్పడానికి ఇంకో మసాలా కొంటున్నాడు. రెండో దానికి డాలర్లు పోస్తున్నాడు, మొదటిదానికి సిగ్గుపడుతున్నాడు.

మగవాళ్ల మసాలా సెంటు అంటే మన తరంవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఓల్డ్ స్పైస్. ఓడ బొమ్మ ఉన్న తెల్లసీసా. దూరదర్శన్ రోజుల్లో సముద్రపు కెరటాల మీద పలకెక్కి దూసుకొచ్చే మనిషి, వెనక గుండెలదిరే బృందగానం. మా వీధిలో గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరైనా సెలవుల మీద వస్తే పెద్దమనుషులకు ఇచ్చే కానుక అదే. అద్దం పక్కన పెట్టుకుని, పెళ్లిళ్లకీ పంచాయతీలకీ వెళ్లేటప్పుడు మాత్రమే తీసేవారు. ఒక సీసా నాలుగేళ్లు వచ్చేది. అమెరికాలో షుల్టన్ అనే కంపెనీ పెట్టిన విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ దీన్ని 1937లో ముందు ఆడవాళ్లకోసం తెచ్చాడు. మగవాళ్లది 1938లో వచ్చింది. 1990లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనేసింది. ఆ కంపెనీ ఆసియా వ్యవహారాలు నడిపే పెద్ద కార్యాలయం ఇప్పుడు సింగపూర్‌లోనే ఉంది.

లోపల ఏముంటుందంటారా? జాజికాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాన్ని తలపించే కార్నేషన్ పువ్వు వాసన, పైన కాస్త నారింజతొక్క, అడుగున వెనిలా, సాంబ్రాణి తరహా బంకలు, కస్తూరి నకలు. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక్కటే తక్కువ. మా ఇంట్లో ఆదివారం మసాలా నూరే రోలు దగ్గర ముక్కు పెడితే సగం సీసా అక్కడే దొరుకుతుంది.

సీసా మీది ఓడలు కూడా ఊరికే అలంకారానికి వేసినవి కావు. అమెరికా తూర్పు తీరంలో సేలం అనే రేవునుంచి నిజంగా ఆసియాకి తిరిగిన ఓడలవి. గ్రాండ్ టర్క్ 1786లో చైనాలోని కాంటన్ చేరింది. ఫ్రెండ్‌షిప్ అనే ఇంకో ఓడ బటావియాకీ ఇండియాకీ సరుకులకోసం తిరిగింది. సేలం షావుకార్లు బాగుపడింది చాలావరకు సుమత్రా మిరియాల మీద. ఫ్రెండ్‌షిప్ పేరే పెట్టుకున్న తర్వాతి తరం ఓడ 1831లో సుమత్రాలోని క్వాలా బటు దగ్గర మిరియాలు ఎక్కించుకుంటుండగా ఊరివాళ్లు దాడి చేసి కొందరు నావికులను చంపారు. మరుసటి ఏడు అమెరికా యుద్ధనౌక పొటోమాక్ వచ్చి ఆ ఊరిని తగలబెట్టింది. గడ్డం గీసుకున్నాక చెంపల మీద చురుక్కుమనే ఆ నీళ్ల వెనక ఇంత కథ ఉంది. మా వీధి పెద్దమనుషులకు ఇది తెలిసే దారి లేదు. తెలిసినా కొనడం మానేవారని నేననుకోను.

సింగపూర్‌కి ఈ వాసనలతో ఉన్న చుట్టరికం అంతకంటే దగ్గరిది. 1819లో ఇక్కడ ఈస్టిండియా కంపెనీ జెండా పాతిన రాఫెల్స్ ఆ ఏడే సుమత్రాలోని బెంకూలెన్ నుంచి జాజికాయ, లవంగం మొక్కలు పంపించి, ఇప్పుడు ఫోర్ట్ కానింగ్ అంటున్న గుట్ట మీద నాటించాడు. 1822లో అక్కడే ప్రయోగాల తోట పెట్టించాడు. అది 1829లో మూతపడింది కానీ జాజికాయ మోజు అప్పుడే మొదలైంది. ఊళ్లో కాస్త భూమి ఉన్న ప్రతి దొరా జాజితోట వేశాడు. లీ క్వాన్ యూ ఇల్లున్న ఆక్స్‌లీ రోడ్డు పేరు థామస్ ఆక్స్‌లీ అనే ప్రభుత్వ వైద్యుడిది. రోగుల్ని చూడటంతోపాటు జాజిచెట్ల పెంపకం మీద వ్యాసం కూడా రాసినాయన. ఎమరాల్డ్ హిల్ విలియం కప్పేజ్ జాజితోట. ఈనాడు ప్రపంచంలోని ఖరీదైన దుకాణాలన్నీ వరుసకట్టిన ఆర్చర్డ్ రోడ్డు ఆ రోజుల్లో జాజితోటల మధ్య బాట. 1850ల్లో తెగులు పట్టుకుంది. చెట్లు పైనుంచి ఎండుతూ వచ్చాయి. మరో పదేళ్లకు తోటల్లేవు, అప్పులు మిగిలాయి.

ఆర్చర్డ్ రోడ్డులో అయాన్ అనే పెద్ద మాల్ ముందు ఇప్పుడు ఒక కంచు జాజికాయ ఉంది. మనిషికంటే ఎత్తు. పై తొక్క పగిలి లోపలి జాపత్రి ఎర్రగా కనపడేట్టు చేసింది కుమారి నహప్పన్ అనే ఇక్కడి శిల్పి. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. లోపలికి వెళితే సెంటు కౌంటర్ల దగ్గర నల్ల చొక్కా అమ్మాయి కాగితం పట్టీ అందించి, ఇందులో జాజికాయ ఉంది, సాంబ్రాణి ఉంది, "తూర్పు దేశాల రహస్యం" ఉంది అంటుంది. బిల్లు మూడంకెల డాలర్లు. ఆ అమ్మాయికి ఈ రోడ్డు పూర్వం ఏమిటో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకా ఎక్కువకి అమ్మేది.

ఈ "తూర్పు రహస్యం" వ్యాపారం పాతది. పారిస్‌లో గెర్లాన్ వాళ్లు 1925లో షాలిమార్ అని మన మొగలు తోట పేరు పెట్టి ఒక సెంటు తెచ్చారు. ఆ ధోరణిని మగవాళ్లకు అందించింది 1965లో అదే ఇంటి నుంచి వచ్చిన హాబి రూజ్. 1977లో ఈవ్ సాంలొరాన్ ఓపియం అనే పేరు పెట్టే తెగువ చేస్తే, నల్లమందుతో ఒక దేశాన్ని కుంగదీసిన చరిత్రను సెంటు పేరు చేస్తారా అని అమెరికాలోని చైనీయులు రోడ్డెక్కారు. సెంటు మాత్రం విరగబడి అమ్ముడైంది. మగవాళ్ల ఓపియం 1995లో వచ్చింది, మిరియం, అనాసపువ్వు ఘాటుతో. ఇలాంటివాటిని ఓరియంటల్ అని పిలవడం ఈ మధ్య, 2021 ప్రాంతంలో, వ్యాపారంలో చాలామంది మానేసి ఆంబర్ అంటున్నారు. పేరు మారినా లోపల కలిపేది మారలేదు. నాకు దాంతో పేచీ కూడా లేదు.

ఈ రకం సెంట్లన్నిటికీ అడుగున ఉండే వెచ్చటి తీపి వాసన ఏమిటో తెలుగువాళ్లెవరికైనా నేను ఒక్క మాటలో చెప్పగలను: తలంటిన పసిపిల్ల తల. సుమత్రాలో, లావోస్‌లో స్టైరాక్స్ చెట్లకు గాటుపెట్టి తీసే బంకే మన సాంబ్రాణి. లావోస్ రకంలో పుట్టుకతోనే కొంచెం వెనిలిన్ ఉంటుంది. నిప్పుల మీద వేసి, బుట్ట బోర్లించి, పిల్ల జుట్టు ఆరబెట్టే ఆ పొగకి దాల్చినచెక్క, లవంగం చేర్చి, ఆల్కహాల్‌లో కరిగిస్తే సుమారుగా ఆ సెంట్ల నడుము నుంచి కిందిభాగం తయారవుతుంది. మా ఫ్యాక్టరీకి ఈ బంక ముదురు గోధుమరంగులో పాకంలా డ్రమ్ముల్లో వస్తుంది. చలికి గడ్డకడితే వెచ్చబెట్టి తీయాలి. ఆ పని చేసే మలయ్ పెద్దాయన దాన్ని చూస్తే తమ ఊళ్లో గురువారం రాత్రులు గుర్తొస్తాయంటాడు. ఇళ్లలో వాళ్లూ వేస్తారు.

ఇదంతా చెబుతున్నది "అంతా మన దగ్గర్నుంచి ఎత్తుకుపోయిందే" అని చొక్కా చేతులు మడవడానికి కాదు. ఆ మాట నాకు నచ్చదు. జాజికాయ మనది కాదు, బందా దీవులది. దానికోసం 1621లో డచ్చివాళ్లు ఆ దీవుల జనాన్ని దాదాపు తుడిచిపెట్టారు. లవంగం మలుకు దీవులది. వెనిలా మెక్సికోది. కౌమారిన్ అనే ఎండుగడ్డి వాసన పదార్థాన్ని 1868లో ఇంగ్లండులో పెర్కిన్, వెనిలిన్‌ని 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ ప్రయోగశాలలో తయారుచేయకపోతే ఈ సెంట్లు లేనే లేవు. అసలు మన గరం మసాలా కూడా ఓడలెక్కి వచ్చిందే, సగానికి సగం.

అది ఎక్కడ దిగిందో మావాళ్లకు బాగా తెలియాలి. మా వేటపాలేనికి దగ్గర్లోనే మోటుపల్లి ఉంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న పల్లె. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవారట. ఆయన అది మాన్పించి, నియమిత సుంకం మాత్రమే తీసుకుంటామని రాయి మీద చెక్కించాడు. అందులోని సుంకపు సరుకుల జాబితా నా ఉద్యోగానికి పూర్వరూపంలా ఉంటుంది: చందనం, నాటు కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, పునుగు, కర్పూరతైలం, మిరియాలు. తర్వాత నూటయాభై ఏళ్లకు కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం ధూళిగా చల్లించి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆయనకు ఆ సరుకు సమకూర్చింది అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆ సెట్టికే. మేలైన కర్పూరం సుమత్రా పడమటి తీరంలోని బరూస్ నుంచి కదిలేది. దొర, సెట్టి, కవి ముగ్గురూ వాసన సరుకు దగ్గర కలిశారు. ఎవరికీ చిన్నతనం అనిపించలేదు.

పునుగు సంగతి చెప్పి ముందుకెళతాను. పునుగుపిల్లి తోక కింది గ్రంథి నుంచి వచ్చే జిడ్డు అది. పచ్చిగా వాసన చూస్తే ఎవరైనా మొహం తిప్పుకుంటారు. చిటికెడు నూనెలో కలిస్తే మనిషిని పట్టేస్తుంది. ఫ్రెంచి సెంట్లలో చాలాకాలం అది లేనిదే పని జరగలేదు. ఇప్పుడు మా దగ్గర దాని నకలు పదార్థాలే వాడతాం. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారి మూర్తికి పూసేది పునుగు తైలం. జంతువు ఒంటి నుంచి వచ్చినదని అక్కడ ఎవరూ ముక్కు చిట్లించరు. భక్తిగా కళ్లకద్దుకుంటారు. నేను చెప్పదలచింది ఇదే: వాసనను చూసి మనం మొహం తిప్పుకోం, అది ఎవరి దగ్గర నుంచి వస్తున్నదో చూసి తిప్పుకుంటాం.

2011 ఆగస్టులో ఇక్కడ జరిగిన కూర గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. చైనా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం పక్కింటి భారతీయ సంతతి కుటుంబం మీద కూర వాసన భరించలేకున్నామని ఫిర్యాదు చేసింది. వీళ్లు తలుపులు, కిటికీలు మూసుకుని వండుకున్నా వాళ్లకు ఆనలేదు. ప్రభుత్వ మధ్యవర్తిత్వ కేంద్రంలో కూర్చోబెట్టారు. ఆ చైనా కుటుంబం ఇంట్లో లేనప్పుడు మాత్రమే వీళ్లు కూర వండుకునేట్టు, వాళ్లు ఒకసారి ఆ కూర రుచి చూసేట్టు ఒప్పందమైంది. అది జరిగి కొన్నేళ్లయ్యాక ఒక పత్రిక రాసింది. ఊరంతా భగ్గుమంది. మనవాళ్లే కాదు, చైనీయులు, మలయులు, యురేషియన్లు అందరూ కలిసి ఆగస్టు 21 ఆదివారం ఇంటింటా కూర వండుదామని పిలుపిచ్చుకున్నారు. మధ్యవర్తి విధించిన తీర్పు కాదది, ఇరువర్గాలూ ఒప్పుకున్నదే అని అప్పటి న్యాయశాఖ మంత్రి షణ్ముగం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నాకు ఈ ఊరి మీద ఇష్టం పెరిగిన సందర్భాల్లో అది ఒకటి. కొబ్బరిపాలు పోసి, బంగాళదుంపలు వేసి వండే ఇక్కడి చైనీయుల కూర మన కూరకి మేనత్త కొడుకు వరస. వాళ్లకి కూడా తమ చట్టి మీద చెయ్యి పడ్డట్టయింది.

అయితే ఆ ఆదివారం కూర ఆదివారంతోనే అయిపోయింది. అద్దె గదుల ప్రకటనలు చూడండి. "తేలికపాటి వంటకి మాత్రమే అనుమతి." తేలికపాటి అంటే నూడుల్సు ఉడకబెట్టుకోవడం, గుడ్డు పొరటుకోవడం. తాలింపు తేలిక కాదు. భారతీయులకు ఇవ్వం అని పచ్చిగా రాసిన రోజులూ ఉన్నాయి. ఏజెంట్లు అలా రాయకూడదని నియమం వచ్చాక ఆ పని వంట షరతు చేసిపెడుతోంది.

ఇంటివాళ్ల వాదన నాకు తెలియనిది కాదు. గది కిటికీ నా కిటికీ వైపే ఉంటుంది, ఆరిన బట్టలకు మీ పోపు అంటుకుంటుంది, ఆస్తమా ఉన్న తల్లి ఉంది, అంటారు. నిజమే. ఎండుమిరపకాయల ఘాటు గొంతు పట్టుకుంటే ఎవరికైనా దగ్గొస్తుంది. దానికి పొగగొట్టం, తెరిచిన కిటికీ, చెప్పిన వేళ అనే మందులున్నాయి. కానీ అదే న్యాయం సీసాకి కూడా వర్తించాలి కదా. యూరప్ చట్టం 2005 నుంచి సెంటు పెట్టె మీద 26 పదార్థాల పేర్లు రాయమంటోంది, కొందరి ఒంటికి పడవని. అందులో యూజినాల్ ఉంది, దాల్చినచెక్క ఘాటైన సిన్నమల్ ఉంది, కౌమారిన్ ఉంది. ఆ తర్వాత జాబితా ఇంకా పెంచారు. వాటి లెక్కల కాగితాలు మా ల్యాబు నుంచే వెళతాయి. పొద్దున్నే ఎనిమిదింటికి తూర్పు పడమర లైన్ రైల్లో, గాలి ఆడని పెట్టెలో, మెడనిండా ఆ సిన్నమల్ కొట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి మీద ఫిర్యాదు చేసే కేంద్రం ఏదీ లేదు. దురియన్ పండుకి మాత్రం స్టేషన్లో నిషేధం బోర్డు ఉంది.

కరీంనగర్ అబ్బాయికి నేను ఇంకో సంగతి కూడా చెప్పాను. ఈ సెంట్లు పుట్టింది చలిదేశాల్లో, ఉన్నికోటు మీద రోజంతా మెల్లగా విచ్చుకునేట్టు. ముప్పై రెండు డిగ్రీల ఎండలో, ఉక్కలో, అవి ఒక్కసారిగా లేస్తాయి. చొక్కాకి పట్టిన వంట వాసన నూనె తుంపరలతో వచ్చింది, అది బట్టని వదలదు. దాని మీద జాజికాయ, వెనిలా పడితే రెండూ కలిసి మూడో వాసన పుడుతుంది, అది ఇంటి కూరా కాదు, పారిస్ సీసా కూడా కాదు. వాడు భయపడే వాసన సరిగ్గా అదే. "పడకగది తలుపేసి వండుకోరా, ఆఫీసు చొక్కా వంటయ్యాక వేసుకో" అన్నాను. కెమిస్ట్రీ పీజీ చేసినవాడి దగ్గర్నుంచి ఇంత చిన్న సలహా వస్తుందనుకోలేదేమో, వాడి మొహం చిన్నబోయింది.

సెంటు మీద మోజు తీరకపోతే కంపోంగ్ గ్లామ్ వెళ్లమన్నాను. బుస్సోరా వీధిలో జమాల్ కజూరా అని 1933 నుంచి ఉన్న అత్తరు దుకాణముంది. ఒకప్పుడు హజ్ ఓడలెక్కే యాత్రికులు బస చేసిన పేట అది. వాళ్ల అత్తరులో ఆల్కహాల్ ఉండదు, నూనే. గాజుపుల్లతో ఒక చుక్క మణికట్టుకి రాస్తే మన ఒంటి వేడికి మెల్లగా లేచి మన చుట్టూనే ఉంటుంది. లిఫ్టులో పక్కవాడిని అది వెంటాడదు. ఈ ఊరి వాతావరణానికి తగినది అదేనని నా లెక్క. మా ఫ్యాక్టరీలో ఈ మాట గట్టిగా అనలేను.

ఇంతవరకు చదివి "అవునవును, పరాయివాళ్లకి మన వాసన పడదు" అని తలూపుతున్నవాళ్లతో నాకు అసలు పేచీ ఉంది. నేను కొత్తగా వచ్చినప్పుడు గది అద్దెకిచ్చిన వ్యక్తి తెలుగాయనే. మర్యాదస్తుడు. తాళాలు చేతిలో పెడుతూ, "చూడు బాబూ, నాన్‌వెజ్ వండుకోవద్దని కాదు గానీ, ఎండుచేపలు మాత్రం ఈ గడప దాటి రాకూడదు" అన్నాడు. ఆయన ఆఫీసుకి బయల్దేరాక కూడా హాలంతా లవంగం, వెనిలా గుప్పుమంటూ ఉండేది. మా వైపు ఓడరేవులో ఎండబెట్టిన సావిళ్లనే చేపలు మా అమ్మ పొట్లం కట్టి పంపితే, వాటిని ఆఫీసు లాకర్లో దాచుకున్నాను. ఎదురింటి చైనీయుల అవ్వ ఇంట్లో రోజూ ఎండురొయ్యలు వేగుతుండేవి. సింగపూర్ మొత్తంలో ఎండుచేప తినడానికి వీల్లేని చోటు ఆ తెలుగిల్లే.

ఇప్పటికీ మారలేదు. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గుంపుల్లో గది ప్రకటన వస్తే రెండో వాక్యం "శాకాహారులకు మాత్రమే" అని ఉంటుంది. హైదరాబాదులో టులెట్ బోర్డుల మీద అదే రాత. శాకాహారం ఎవరి ఇష్టం వారిది, వంటగది కలిసి వాడుకోవలసిన చోట గిన్నెలు వేరు పెట్టుకుందామంటే అర్థముంది. విడిగా పొయ్యి ఉన్న పోర్షన్‌కి కూడా అదే షరతు పెడితే, అది ముక్కు సంగతి కాదని అందరికీ తెలుసు. ఎండుచేప వాసనతో పాటు ఎవరెవరు గుమ్మం దాటకూడదనుకుంటున్నారో కూడా తెలుసు. కులం అడగడం బాగుండదని కూర అడుగుతున్నారు. తేలికపాటి వంట షరతు పెట్టే ఇక్కడి ఇంటాయన మీద కోపం తెచ్చుకునే హక్కు ఆ బోర్డు రాసిన చేతికి ఎక్కడిది? పక్కవాడి పుట్టుకను కూర పేరుతో అడిగే విద్య ఇద్దరికీ ఒక్కటే.

2011లో ఊరంతా కూర వండిన రోజు లాంటిది మనవాళ్లలో ఎండుచేప పేరు మీద ఒకటి జరిగితే చూడాలని ఉంది. ఉగాది పచ్చడి కోసం వేపపువ్వు వెతుక్కుంటూ సింగపూర్ సగం తిరిగే మనం ఆ మాత్రం చేయలేమా అనిపిస్తుంది. పిలుపిచ్చే ధైర్యం నాకు లేదు. నా చేతిలో ఉన్నది మా ఇంట్లో వచ్చే నెల ఖాళీ అవుతున్న ఒక గది. ఆ వాట్సాప్ గుంపులోనే ప్రకటన పెట్టాను: జురాంగ్ వెస్ట్, రైలు స్టేషన్‌కి పది నిమిషాల నడక, వైఫై ఉంది, వంట చేసుకోవచ్చు, తాలింపు వేసుకోవచ్చు, ఎండుచేపలు కూడా వేయించుకోవచ్చు, కిటికీ తీసి ఉంచాలి. సెంటు మాత్రం రెండు పిచికారీలకు మించకూడదు. ఫోన్లు బాగానే వస్తున్నాయి. అందరూ అడుగుతున్నది ఆఖరి షరతు గురించే.